పీడీ యాక్ట్ పెట్టారు, ఇప్పుడేం చేయాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక సాయంత్రం ఒకావిడ మా ఆఫీసుకు వచ్చారు. చేతిలో బట్టల షాపు కవరు, అందులో లావుపాటి జిరాక్సు కట్ట. "బెయిల్ వచ్చింది సార్, షూరిటీలు కూడా పెట్టాం. జైలు గేటు దగ్గర ఆటో మాట్లాడుకుని పొద్దున్నుంచి నిలబడ్డాం. పిల్లాడు బయటికి రాలేదు. పీడీ అంటున్నారు, పీడీ అంటే ఏంటి సార్?" అని అడిగారు. ఆ తర్వాత చాలామంది ఇదే అడిగారు, ఇంకా ఎన్నో అడిగారు. వాటికి జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాను. ఇది తెలంగాణలో నడుస్తున్న 1986 చట్టం గురించి. ఆంధ్రప్రదేశ్‌లోనూ మూలం అదే చట్టం కాబట్టి ఎక్కువ సంగతులు అక్కడికీ వర్తిస్తాయి.

పీడీ యాక్ట్ అంటే అసలు ఏమిటి? మామూలు అరెస్టుకూ దీనికీ తేడా ఏమిటి?

మామూలు అరెస్టు జరిగిపోయిన నేరానికి. పీడీ, అంటే ప్రివెంటివ్ డిటెన్షన్, ఇకముందు చేస్తాడేమో అన్న అనుమానానికి. ఇందులో చార్జిషీటు ఉండదు, విచారణ ఉండదు, సాక్షిని ఎదురు ప్రశ్నలు అడిగే అవకాశం ఉండదు. పోలీస్ కమిషనర్ గానీ కలెక్టర్ గానీ సంతకం పెడితే మనిషిని గరిష్ఠంగా 12 నెలలు జైల్లో ఉంచవచ్చు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986లో తెచ్చిన ఈ చట్టం అక్రమ మద్యం అమ్మేవాళ్లు, బందిపోట్లు, మత్తుమందుల వ్యాపారులు, గూండాలు, వ్యభిచార వ్యాపారం నడిపేవాళ్లు, భూకబ్జాదారుల కోసం పుట్టింది. తెలంగాణ తర్వాత దాన్ని సవరించి నకిలీ విత్తనాలు, కల్తీ ఆహారం, దొంగ పత్రాలు, పేకాట, సైబర్ నేరాలు, ఆర్థిక నేరాలు ఇలా చాలా కలిపింది. జాబితా ఎంత పెరిగినా ఒక్క షరతు మాత్రం మారలేదు. ఆ పని వల్ల పబ్లిక్ ఆర్డర్ దెబ్బతినాలి. మన పోరాటమంతా ఆ షరతు చుట్టూనే.

బెయిల్ కోర్టు ఇచ్చింది కదా, మళ్లీ ఎలా ఆపుతారు?

కోర్టు బెయిల్ ఇచ్చింది ఆ కేసులో. పీడీ ఆర్డరు దానికి సంబంధం లేని వేరే కాగితం. కాబట్టి బెయిల్ ఆర్డరు చూపించినా జైలు వాళ్లు వదలరు. కుటుంబాలను ఎక్కువగా కుంగదీసేది ఇదే.

కానీ బెయిల్‌ను పనికిరాకుండా చేయడానికి పీడీని వాడకూడదని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో, షేర్ మార్కెట్ పెట్టుబడుల పేరుతో మోసం చేశాడన్న ఐదు కేసుల్లో బెయిల్ వచ్చిన మనిషి మీద పీడీ పెట్టారు. 2021 ఆగస్టు 2న జస్టిస్ నారిమన్ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. బెయిల్ ఇవ్వడం తప్పనుకుంటే ప్రభుత్వం పైకోర్టుకు వెళ్లాలి, లేదా బెయిల్ రద్దు చేయమని అడగాలి. దానికి పాత క్రిమినల్ ప్రొసీజర్ చట్టం సీఆర్‌పీసీలో సెక్షన్ 439(2) ఉండేది, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 483(3) ఉంది. ఆ దారి వదిలేసి నేరుగా పీడీ పెట్టారంటే ఆ సంగతి హైకోర్టులో వేసే రిట్ పిటిషన్‌లో తప్పకుండా రాయాలి.

మరి పీడీకి కూడా బెయిల్ పిటిషన్ వేయొచ్చా?

వేయడానికి లేదు. ఉన్న దారులు మూడు: అధికారులకు రిప్రజెంటేషన్ (విడుదల చేయమని రాసే అర్జీ), నిర్బంధానికి కారణం ఉందా అని చూసే అడ్వైజరీ బోర్డు, మనిషిని అక్రమంగా నిర్బంధించారు, విడిపించండి అని హైకోర్టులో వేసే హెబియస్ కార్పస్ రిట్. మూడూ ఒకేసారి నడపవచ్చు.

పబ్లిక్ ఆర్డర్, లా అండ్ ఆర్డర్ ఒకటే కాదా?

కాదు. తెలుగులో ఈ రెండింటినీ "శాంతిభద్రతలు" అనేస్తాం, పేపర్లలోనూ అలాగే రాస్తారు. అందుకే తేడా మన చెవికి ఎక్కదు. చట్టంలో మాత్రం ఆ తేడా మీదే మనిషి బయటికి రావడమో లోపల ఉండటమో ఆధారపడుతుంది. అందుకే ఇక్కడ ఇంగ్లీషు మాటలనే వాడుతున్నాను.

1965లో సోషలిస్టు నాయకుడు రామ్ మనోహర్ లోహియాను బిహార్‌లో డిఫెన్స్ ఆఫ్ ఇండియా రూల్స్ కింద నిర్బంధించారు. రూల్‌లో ఉన్నది "పబ్లిక్ ఆర్డర్", ఆర్డరులో రాసింది "లా అండ్ ఆర్డర్". ఒక్క మాటే కదా అని సుప్రీంకోర్టు వదిలేయలేదు, ఆయన్ను విడిచిపెట్టమంది. ఆ తీర్పులో జస్టిస్ హిదయతుల్లా మూడు వలయాలు ఊహించుకోమన్నారు. అన్నిటికన్నా పెద్దది లా అండ్ ఆర్డర్. దాని లోపల పబ్లిక్ ఆర్డర్. అన్నిటికన్నా లోపలి చిన్న వలయం దేశభద్రత. ప్రతి నేరమూ పెద్ద వలయంలో పడుతుంది, కానీ ప్రతి నేరమూ లోపలి వలయాన్ని తాకదు.

మన వీధి నుంచే చూద్దాం. గోడ తగాదాలో పక్కింటాయన తల పగలగొట్టారనుకోండి. నేరమే, శిక్ష పడాల్సిందే, కానీ ఆ గొడవ ఆ రెండిళ్లదే. అదే ఒకడు కత్తి పట్టుకుని రోజూ బజారులో తిరుగుతుంటే షాపులు మూతపడి, ఆడవాళ్లు చీకటి పడ్డాక బయటికి రాలేక, పిల్లల్ని బడికి పంపడానికి తల్లిదండ్రులు భయపడితే అది పబ్లిక్ ఆర్డర్. 1970లో పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చిన కేసులో కోర్టు ఈ కొలతే పెట్టింది. సెక్షన్ ఎంత పెద్దదని కాదు, ఆ పని దెబ్బ ఎంత దూరం పాకిందని, జనం మామూలు బతుకు తలకిందులైందా అని చూడాలి.

ఇప్పుడు మీ దగ్గరున్న గ్రౌండ్స్, అంటే ఎందుకు నిర్బంధించారో కారణాలు రాసి ఇచ్చిన కాగితాలు, తీసి చదవండి. "ప్రజల్లో భయాందోళనలు కలిగాయి" అన్న వాక్యం దాదాపు ప్రతి ఆర్డరులోనూ ఉంటుంది. దాని కింద ఆధారం ఏముందో చూడండి. ఎవరు భయపడ్డారు? ఏ బస్తీలో? ఎవరి వాంగ్మూలం ఉంది? చాలాసార్లు ఆ వాక్యం తప్ప ఏమీ ఉండదు.

తెలంగాణ గురించి సుప్రీంకోర్టు ప్రత్యేకంగా ఏమైనా చెప్పిందా?

చెప్పింది, గట్టిగానే చెప్పింది. అయినా ఆర్డర్లు ఆగలేదన్నది నా బాధ.

2017లో నకిలీ మిరప విత్తనాలు అమ్మారన్న ఆరోపణతో "గూండా" అని పెట్టిన పీడీని కొట్టేసింది. రైతుకు జరిగే నష్టం చిన్నదని కోర్టు అనలేదు. విత్తనాలకు వేరే చట్టాలున్నాయి, వాటి కింద చర్య తీసుకోండి అంది. అదే కాలంలో ఒక భూకబ్జా కేసులో, దాదాపు పదేళ్ల కిందటి పాత సంఘటనలు తవ్వితీసి పెట్టిన పీడీనీ కొట్టేసింది.

2022 ఏప్రిల్ 4న ఉద్యోగాల పేరుతో డబ్బులు వసూలు చేశాడన్న కేసులో తీర్పు వచ్చింది. పెట్టినవి రెండు కేసులు, బెయిల్ వచ్చింది, తర్వాత నెలలు గడిచాక పీడీ. జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ సూర్యకాంత్ ఆ ఆర్డరును కొట్టేస్తూ ఒక లెక్క చెప్పారు. ఈ చట్టం కింద వచ్చిన ఐదుకు పైగా ఆర్డర్లను ఐదేళ్లలో సుప్రీంకోర్టే రద్దు చేసింది, తెలంగాణ హైకోర్టు ఒక్క ఏడాదిలోనే కనీసం పది కొట్టేసింది అని. పెండింగులో ఉన్న పీడీలన్నిటినీ మళ్లీ చూసుకోమని రాష్ట్రానికి చెప్పారు. అదే ఏడాది జూన్‌లో గొలుసు దొంగతనాల కేసులో పెట్టిన పీడీ కూడా నిలబడలేదు.

2023 సెప్టెంబర్ 4 నాటి తీర్పు అయితే ప్రతి పీడీ రిట్‌లో జతచేయాల్సింది. జస్టిస్ సూర్యకాంత్, జస్టిస్ దీపాంకర్ దత్తా అందులో తెలంగాణలో ఒక హానికరమైన ధోరణి నడుస్తోందన్నారు. స్వాతంత్ర్యం వచ్చి 75 ఏళ్లని దేశం పండుగ చేసుకుంటుంటే కొందరు పోలీసు అధికారులు పౌరుల హక్కుల్ని మరిచిపోయారన్నారు. పీడీ ఆర్డరును పరిశీలించేటప్పుడు కోర్టులు చూడాల్సిన పది అంశాలను వరసగా రాశారు. 2024 మార్చి 21న ముగ్గురు జడ్జీల ధర్మాసనం, రెండు కేసుల ఆధారంగా రాచకొండ పోలీస్ కమిషనరేట్ పరిధిలో పెట్టిన "గూండా" ఆర్డరును రద్దు చేసింది. అడ్వైజరీ బోర్డులు రబ్బరు స్టాంపుల్లా పనిచేయకూడదని హెచ్చరించింది.

కాగితాల్లో ముందు ఏం చూడాలి?

తేదీలు. ఒక క్యాలెండర్ ముందు పెట్టుకుని, పెన్నుతో గుర్తులు పెట్టుకుంటూ చూడండి. రాజ్యాంగం ఆర్టికల్ 22లోనూ ఈ చట్టంలోనూ గడువులు చాలా కచ్చితంగా ఉన్నాయి.

కమిషనర్ లేదా కలెక్టర్ ఇచ్చిన ఆర్డరును ప్రభుత్వం 12 రోజుల్లో ఆమోదించాలి, లేకపోతే అది చెల్లదు. నిర్బంధించిన ఐదు రోజుల్లోపు గ్రౌండ్స్ చేతికివ్వాలి. మూడు వారాల్లోపు ఫైలు అడ్వైజరీ బోర్డు ముందుకు వెళ్లాలి. బోర్డు ఏడు వారాల్లోపు రిపోర్టు ఇవ్వాలి. చివరి మూడూ నిర్బంధించిన రోజు నుంచి లెక్క, మొదటిది మాత్రం ఆర్డరు తేదీ నుంచి.

తర్వాత చూడాల్సింది ఎడాలు. చివరి సంఘటనకూ ఆర్డరుకూ మధ్య ఎన్నాళ్లు గడిచింది? అంత ప్రమాదకరమైన మనిషి అయితే ఇన్ని నెలలు ఎందుకు ఊరుకున్నారు? ఆర్డరు రాశాక పట్టుకోవడానికి ఎన్నాళ్లు పట్టింది? మనిషి ఇంట్లోనే ఉండి, కోర్టు వాయిదాలకు వస్తూ ఉంటే, ఆ ఆలస్యానికి వాళ్లు జవాబు చెప్పుకోవాలి. జవాబు లేకపోతే నిర్బంధం అవసరమన్న మాటే నమ్మశక్యం కాదు.

మూడోది బెయిల్ కాగితాలు. బెయిల్ ఆర్డరు, అందులోని షరతులు డిటెన్షన్ ఫైలులో ఉన్నాయా? వారానికోసారి స్టేషన్‌లో సంతకం పెట్టాలన్న షరతు ఉంటే, అది సరిపోదని అధికారి ఎందుకు అనుకున్నారో గ్రౌండ్స్‌లో కనపడాలి. మనిషి అప్పటికే జైల్లో ఉండగా పీడీ పెడితే, బెయిల్ మీద బయటికి వచ్చే అవకాశం నిజంగా ఉందని నమ్మడానికి ఆధారం చూపాలి.

ఒక జాగ్రత్త. గ్రౌండ్స్‌లో ఒకటి చెల్లకపోయినా మిగతావాటి మీద ఆర్డరు నిలబడవచ్చని ఈ చట్టంలోని సెక్షన్ 6 చెబుతుంది. కాబట్టి ఒక్క తప్పు దొరకగానే సంబరపడి మిగతా కట్టను పక్కన పెట్టొద్దు.

గ్రౌండ్స్ అన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి, మావాడికి ఇంగ్లీషు రాదు. ఇది పాయింటేనా?

మంచి పాయింటు. గ్రౌండ్స్ ఇచ్చేది ఎదురు చెప్పుకోవడానికి. అర్థం కాని భాషలో ఇస్తే ఇవ్వనట్టే. 1962లో మహారాష్ట్ర నుంచి వచ్చిన కేసులో మనిషికి హిందీ మాత్రమే వచ్చు, కాగితాలు ఇంగ్లీషులో ఇచ్చి నోటితో వివరించామన్నారు. అది చాలదని సుప్రీంకోర్టు చెప్పింది.

నేను మొదట చెప్పిన ఆ తల్లి తెచ్చిన కట్టలో చివరి పేజీ మీద ఇంగ్లీషులో ఒక వాక్యం టైపు చేసి ఉంది: చదివి వినిపించారు, అర్థమైంది అని. దాని కింద వాళ్లబ్బాయి సంతకం తెలుగులో, ఒక్కో అక్షరం కూడబలుక్కుని రాసినట్టు. ఆ పేజీని పదిలంగా దాచుకోమన్నాను. ఇంకా ఆ కట్టలో పదిహేను పేజీల దాకా జిరాక్సు మసకబారి ఒక్క అక్షరం కనపడలేదు. చదవలేని కాగితం ఇచ్చినా అది హక్కును కాలరాయడమే. మీవాడికి ఏ భాష చదవడం వచ్చో, ఎంతవరకు చదివాడో రుజువులు వెతికి పెట్టుకోండి. ఉర్దూ, హిందీ మాత్రమే చదివే వాళ్లకు తెలుగు కాగితాలు ఇచ్చినా ఇదే సూత్రం.

రిప్రజెంటేషన్ ఎవరికి రాయాలి? దానివల్ల ఉపయోగం ఉంటుందా?

ప్రభుత్వానికి రాయాలి, ఆర్డరు ఇచ్చిన అధికారికి కూడా రాయొచ్చు. ప్రభుత్వం ఆమోదించేదాకా ఆర్డరును వెనక్కి తీసుకునే అధికారం ఆ అధికారికి ఉంటుంది. అలా రాసుకునే హక్కు ఉందని గ్రౌండ్స్‌లో చెప్పకపోవడం కూడా లోపమే.

పెద్ద లాయర్ భాష అక్కర్లేదు. ఏయే కాగితాలు అందలేదు, ఏవి కనపడటం లేదు, బెయిల్ ఎప్పుడు వచ్చింది, ఎందుకు విడుదల చేయాలి అని రాసి జైలు సూపరింటెండెంట్ ద్వారా పంపితే చాలు. అందినట్టు సంతకం, తేదీ తప్పకుండా తీసుకోండి. ఎందుకంటే రిప్రజెంటేషన్‌ను కాలయాపన లేకుండా, బోర్డుతో సంబంధం లేకుండా విడిగా పరిశీలించాలి. కారణం చెప్పకుండా ఫైలు వారాల తరబడి టేబుల్ మీద పడి ఉంటే, ఆ ఒక్క కారణంతోనే ఆర్డరు కొట్టేసిన సందర్భాలున్నాయి. విడుదల చేయరని తెలిసినా రాయమని నేను అందుకే చెబుతాను.

అడ్వైజరీ బోర్డు ముందు లాయర్ ఉండొచ్చా?

హక్కుగా అడగలేం, చట్టమే కాదంది. కానీ ప్రభుత్వం తరఫున లాయరో, న్యాయ సలహాదారో వాదిస్తే మనకూ అదే అవకాశం ఇవ్వాలని 1981లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మనిషి స్వయంగా మాట్లాడవచ్చు. బోర్డులో ఉండేది హైకోర్టు జడ్జీలు, జడ్జీలుగా చేసినవాళ్లు లేదా ఆ అర్హత ఉన్నవాళ్లు ముగ్గురు. ములాఖత్‌కు వెళ్లినప్పుడే ఏం చెప్పాలో నాలుగు ముక్కలు కాగితం మీద రాసి చదివించండి. బోర్డు ముందు నిలబడ్డాక టెన్షన్‌లో చాలామందికి నోరు పెగలదు. చేతులు కట్టుకుని "తప్పైంది సార్, వదిలేయండి" అనేస్తారు. అలా అనొద్దని ముందే చెప్పాలి.

నిర్బంధానికి సరైన కారణం లేదని బోర్డు చెబితే ప్రభుత్వం విడుదల చేసి తీరాలి.

హెబియస్ కార్పస్ ఎవరు వేయాలి? బోర్డు తేల్చేదాకా ఆగాలా?

భార్య, తల్లి, తండ్రి, అన్నదమ్ములు ఎవరైనా ఆర్టికల్ 226 కింద వేయొచ్చు. ఆగాల్సిన పని లేదు. ఆగొద్దు అని చేతులు జోడించి చెబుతున్నాను. ఉన్నదే 12 నెలల గడువు. ప్రభుత్వం కౌంటర్ (రాతపూర్వక జవాబు) వేయడానికి వాయిదా, సెలవులు, వాదనలు, తీర్పు రిజర్వు, ఇలా నెలలు కరిగిపోతాయి. పదో నెలలో గెలిచిన కేసులు చూశాను. కాగితం మీద అది గెలుపే, ఆ ఇంటికి మాత్రం పది నెలల కూలి పోయింది, పిల్లల ఫీజు ఆగింది, అద్దె ఇల్లు ఖాళీ చేశారు. హైకోర్టులో ఓడితే సుప్రీంకోర్టు ఉంది. పైన చెప్పిన 2023, 2024 తీర్పులు రెండూ హైకోర్టులో ఓడి అక్కడ గెలిచినవే.

కేసులు నిజమే సార్. తప్పు చేశాడు. అయినా గెలుస్తామా?

కోర్టు ఇక్కడ తప్పు చేశాడా లేదా అని చూడదు. అది కింది కోర్టులో తేలుతుంది. ఇక్కడ చూసేది ఆ తప్పును మామూలు చట్టంతో ఎదుర్కోలేరా, విచారణ లేకుండా ఏడాది జైల్లో పెట్టాల్సినంత అవసరం వచ్చిందా అన్నది. కాబట్టి "మావాడు అమాయకుడు" అని పేజీలకు పేజీలు రాయడం వల్ల ఒరిగేదేమీ లేదు. అధికారి దగ్గరున్న సాక్ష్యం సరిపోతుందా లేదా అని హైకోర్టు తూకం వేయదు కూడా.

ఓడిపోయే కేసులూ ఉన్నాయని దాచను. కడప జిల్లా ఎర్రచందనం కేసులో పెట్టిన పీడీని సుప్రీంకోర్టు సమర్థించింది. 2023 ఆగస్టులో కాకినాడ నాటుసారా కేసులోనూ అంతే. అక్కడ పట్టుకున్న సారా తాగడానికి పనికిరాదు, ఆరోగ్యానికి హాని అని ల్యాబ్ రిపోర్టులున్నాయి. అంటే ప్రజారోగ్యానికి ప్రమాదం అన్నది ఉత్త వాక్యంగా కాక ఆధారంతో కనపడింది. ఆర్డరు మూడు నెలలకు మించి ఉండకూడదన్న పాత వాదన కూడా ఆ తీర్పుతో పోయింది. మూడు నెలల పరిమితి అధికారులకు అప్పగించిన అధికారానికే గానీ నిర్బంధ కాలానికి కాదని తేల్చారు. ఇప్పటికీ కొందరు ఆ పాయింటే నమ్ముకుని రిట్ వేస్తున్నారు, జాగ్రత్త.

ఆర్డరు వచ్చిందని తెలిసింది, ఇంకా పట్టుకోలేదు. ముందే కోర్టుకు వెళ్లొచ్చా?

చాలా కొద్ది సందర్భాల్లోనే. వేరే చట్టం కింద పెట్టారనో, వేరే మనిషి మీద పెట్టాల్సింది ఇతని మీద పెట్టారనో, అధికారం లేనివాళ్లు ఇచ్చారనో స్పష్టంగా చూపగలగాలి. పారిపోయి తిరుగుతూ వేస్తే కోర్టు మెచ్చదు.

ఆర్డరు కొట్టేస్తే అసలు కేసులు కూడా పోతాయా? మళ్లీ పీడీ పెట్టరా?

అసలు కేసులు అలాగే నడుస్తాయి. వాయిదాలకు వెళ్లాల్సిందే, బెయిల్ షరతులు పాటించాల్సిందే. కోర్టు రద్దు చేసిన ఆర్డరులోని పాత కారణాలతో మళ్లీ పెట్టకూడదు, కొత్త సంఘటన ఉండాలి. అందుకే బయటికి వచ్చాక స్టేషన్‌లో పెట్టిన ప్రతి సంతకానికీ ఫోటో తీసి పెట్టుకోమంటాను. నష్టపరిహారం మాత్రం చాలా అరుదు, దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

విచారణ లేకుండా జైల్లో పెట్టడాన్ని రాజ్యాంగమే ఒప్పుకుందా?

ఒప్పుకుంది, ఆర్టికల్ 22లోనే ఉంది. 1950లోనే కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ మద్రాసు రాష్ట్రంలో జైల్లో ఉండి దీన్ని సవాలు చేసి ఓడిపోయారు. ఎమర్జెన్సీ చేదు అనుభవం తర్వాత 1978లో 44వ సవరణ తెచ్చి, బోర్డు లేకుండా నిర్బంధించే గడువును మూడు నెలల నుంచి రెండుకు తగ్గించారు. బోర్డు సభ్యుల్ని హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సిఫారసుతోనే పెట్టాలన్నారు. పార్లమెంటు ఆమోదించిన ఆ భాగాన్ని ఇప్పటిదాకా ఏ ప్రభుత్వమూ అమల్లోకి తేలేదు. పార్టీలు మారాయి, ప్రధానులు మారారు, ఆ ఒక్క నోటిఫికేషన్ మాత్రం రాలేదు.

లాయరుకు ఇవ్వడానికి డబ్బుల్లేవు.

నిర్బంధంలో ఉన్న మనిషికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 నాటి న్యాయసేవల చట్టంలో ఉంది. మహిళలకూ, ఎస్సీ, ఎస్టీలకూ ఉంది. న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి, లేదా హైకోర్టులోని న్యాయసేవల కమిటీ దగ్గరికి నేరుగా వెళ్లండి. వెళ్లేటప్పుడు ఆర్డరు, గ్రౌండ్స్ కట్ట మొత్తం, బెయిల్ ఆర్డర్ల కాపీలు, మీ ఆధార్ జిరాక్సు పట్టుకెళ్లండి. కట్టలో పేజీలు విడిపోయి ఉంటే వరస తప్పకుండా దారంతో కుట్టించండి. మసకగా ఉన్న పేజీలను పనికిరావని పారేయొద్దు. ముందుగా చూపించాల్సినవి అవే.